కూతబండ మారెన్న

ఎవురప్పా ఇప్పుడు కూత పెట్టింది? నువ్వేనా, కండ్లద్దాలాయనా? నవ్వద్దు. కాలిరిగిందా నీకు? పాము కరిచిందా? ఏమీ లేదు గదా! మరెందుకు అరిచినావు? బండ తిరిగి పలుకుతాంటే ఇనేదానికి కమ్మగా ఉండాదా? ఉంటాది నీ తలకాయ! నా కాళ్లు సూడు. ఒక కాలికే చెప్పుండాది. రెండోది ఆ కంపలో యాడో ఊడిపోయింది, తిరిగి సూసుకోలే. కింద గట్టు మీద గడ్డి కోస్తాంటి, కొడవలి గూడా కింద పెట్టకుండా పరుగెత్తుకొని వచ్చినా. యాభై ఏండ్లకు దగ్గరైనదాన్ని, ఊపిరాడక సస్తాండా, మీరేమో పులిహోర తింటా పండ్లికిలిస్తాండారు.

భయపడద్దులే. కొడవలి నీ మీదికి కాదు. కూర్చోండి అందురూ. కార్తీకమాసమని కర్నూలు నుంచి వనభోజనానికి వచ్చినారు, సదువుకునే పిల్లోళ్లు, మీకెవురు చెప్పింటారు? నేనే చెప్తా, ఇనిపోండి.

ఇది కూతబండ. ఈ గుట్టల్లో గొర్రెలు మేపుకునేటోళ్లం మేము, తాతల కాలం నుంచి. దూరం నుంచి సూస్తే గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అందంగా ఉంటాయి, పటాలు తీసుకుంటారు మీరు. దగ్గరికి పోతే అన్నీ సందులూ నెర్రెలే. పైన గడ్డి కనపడతాది, అడుగు పెడితే కింద ఏమీ ఉండదు. అట్ల ఎవురన్నా ఇరుక్కుంటే ఒకటే దావ. ఈ బండకు మొగం పెట్టి మూడు కూతలు పెట్టాల. ఒకటి పొడుగు, రెండు పొట్టి. ఊరి దిక్కు తిరిగి అరిస్తే గాలికి పోతాది. బండకు అరిస్తే, బండ ఆ కూతను ఎత్తి తెచ్చి ఊర్లో పడేస్తాది. అది ఇన్నోళ్లు చేతిలో పని ఆడే ఇడిసిపెట్టి, "ఇన్నాం, వస్తాండాం" అన్నట్టు ఒక పొడుగు కూత ఎదురు పెట్టి పరుగెత్తాల. నోట్లో ముద్దున్నా సరే, పెట్టింది పగోడైనా సరే. ఉత్తపుణ్యానికి కూత పెట్టినోడు తప్పు కింద ఊరికి పొట్టేలు ఇచ్చుకోవాల. అదీ కట్టు. రోడ్డు లేదు, డాక్టరు లేడు, మా పానాలకు ఉండేది ఆ మూడు కూతలే.

నా పేరు మహాదేవమ్మ. మారెన్న నా తమ్ముడు. నాకంటే నాలుగేండ్లు చిన్న.

వానికి పుట్టుకతోనే నత్తి. "అక్కా" అనేదానికి అ, అ, అ అని మెడనరాలు ఉబ్బిపోయేవి. ఊర్లో పిల్లోళ్లు వాని ముందర నిలబడి వాని మాదిరే అని నవ్వేటోళ్లు. పెద్దోళ్లూ నవ్వేటోళ్లే, అబద్ధమెందుకు. దానితో వాడు మాట్లాడేదే మానేసినాడు. గొర్రెలతో పోయేది, గొర్రెలతో వచ్చేది. గానీ కూత పెట్టినాడంటే సూడాల! నత్తి యాడికి పోతాదో, ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా సాగేది. మా గుట్ట కింద అంత కూత ఇంకెవురికీ లేదు.

నాకు పన్నెండేండ్లప్పుడు, గొర్రెపిల్ల ఒకటి దొన పక్క నెర్రెలో పడింది. దొన అంటే, అదో, బండలో నీళ్లు నిలిచే గుంత. దాన్ని తీద్దామని వంగి నేనూ పడినా. మెడ దాకా ఇరుక్కున్నా. కింద నీళ్లు, పైన సన్నంగా ఆకాశం. మారెన్నకు అప్పుడు ఎనిమిదేండ్లు. పైనుంచి నన్ను సూసి ఒక్క మాట గూడా అనలేకపోయినాడు పాపం. నోరు తెరుస్తాడు, మూస్తాడు. మళ్లా లేచి పోయినాడు. ఇడిసిపోయినాడనుకున్నా. అప్పుడిన్నా వాని కూత. ఒకటి పొడుగు, రెండు పొట్టి. ఊరంతా కదిలొచ్చింది. మా ఉరుకుందప్ప మామ సగం గడ్డం గీయించుకొని సగం సబ్బు నురగతో వచ్చినాడు. తలగుడ్డలన్నీ ముడేసి నన్ను పైకి లాగినారు. జనం వచ్చినాక గూడా వాడు ఏడుస్తా కూతలు పెడతానే ఉండినాడంట. ఉరుకుందప్ప మామ నోరు మూస్తే గానీ ఆపలే.

ఈ మాట మర్సిపోవద్దండి. నేను ఈ పొద్దు మీ ముందర కూర్చోనుండేది వాని కూత వల్ల.

తర్వాత బతుకంతా ఒకటే మాదిరి. నత్తోనికి పిల్లనెవురిస్తారు? ఎవురూ ఇయ్యలే. నాకు పెండ్లయింది, మొగుడు పోయినాడు, తిరిగి తమ్ముని పంచకే వచ్చినా. పందొమ్మిదొందల యాభై రెండు కరువులో గొర్రెలు కండ్ల ముందరే పోయినాయి. మేత లేదు, దొనలు గూడా ఎండినాయి. సర్కారు గంజి కేంద్రం కాడ ముంత పట్టుకొని వరసలో నిలబడినాం ఇద్దరమూ. పేరు చెప్పమంటారు, వాడు మ, మ, మ అంటాడు, ఎనకనుండేటోళ్లు తోస్తారు. నేను చెప్పేదాన్ని, "మారెన్నప్పా, మారెన్న, రాసుకోండి" అని. కరువు పోయేటప్పటికి మాకు మిగిలింది నాలుగు జీవాలు.

మరుసటేడు కర్నూలు రాజధాని అయింది. మీకు తెల్సులే. యాడ సూసినా డేరాలు. మదరాసు నుంచి వచ్చిన గుమస్తాలు ఆ డేరాల్లో ఎండకు ఉడికిపోయేటోళ్లంట. ఆదివారం వస్తే సాలు, బస్సెక్కి రోడ్డు మీద దిగి, రెండు మైళ్లు నడిసి ఈ గుండ్లు సూసేదానికి వచ్చేటోళ్లు. మాకు నవ్వొచ్చేది. రాళ్లు సూసేదానికి వస్తారా ఎవురన్నా? మేం రాళ్లు సూసి సూసి కండ్లు కాయలు కాసినోళ్లం.

వాళ్లలో పెద్ద కామేశం సారు. కోస్తా మనిషి, బక్కపల్చన, నెత్తిన ఎప్పుడూ తడిగుడ్డ. మొదటిసారి దావ తప్పి మారెన్నకు కనపడినారు. దావ యాడని అడిగితే వీనికి మాట రాలే. మామూలుగా అయితే అడిగినోళ్లు నవ్వి పోతారు. ఆ సారు మాత్రం బండ మీద కూర్చోని, వాడు పేరు చెప్పే దాకా కాచుకోని, "తొందరలేదు మారెన్నగారూ, నిదానంగా చెప్పండి" అన్నాడంట. గారూ! మా వంశంలో ఎవురినన్నా గారూ అన్నారా? ఆ పొద్దు మాపటికి ఇంటికొచ్చి, రొట్టె ముందర పెట్టుకొని, తినకుండా, నాకు ఆ మాట చెప్పేదానికి ఎంతసేపు పట్టిందో. కండ్లలో నీళ్లు. నాకూ ఏడుపొచ్చింది.

అప్పటినుంచి ఆదివారమంటే వానికి పండగ. సారు ఇచ్చిన పాత కాకీ కోటు తొడుక్కొని తెల్లారకముందే పోయేటోడు. ఏ గుండు ఎక్కొచ్చు, ఏది ఎక్కితే జారతాది, నీళ్లు యాడ, నీడ యాడ, అన్నీ చూపేటోడు. సారు భార్యకు సీతాఫలాలంటే పానం. గుట్ట మీద చెట్ల నుంచి మంచి మంచివి ఏరి దాపెట్టేటోడు ఆయమ్మకు.

ఒక ఆదివారం సారు అడిగినాడు, "ఇంత పెద్ద గుట్టలో ఒకరినొకరు ఎట్లా పిలుచుకుంటారు?" అని. అంతే. మాటలతో చెప్పలేడు గదా, పెట్టి సూపించినాడు. ఒకటి పొడుగు, రెండు పొట్టి. సార్లంతా సప్పట్లు కొట్టినారంట. వాని బతుకులో వానికి ఎవురన్నా సప్పట్లు కొట్టింటే అదే మొదలు.

కింద ఊరంతా పరుగు. ఉరుకుందప్ప మామ ముందర, ఎనక మేమంతా. రొప్పుకుంటా పైకొస్తే ఏముంది, సార్లు బొంబాయి రవ్వ ఉప్మా తింటాండారు. ఉరుకుందప్ప మామ మారెన్న చెంప పగలగొట్టినాడు. కామేశం సారుకు మొగం తెల్లబోయింది. తప్పు నాదే, నాదే అని అందురికీ చేతులు జోడించినాడు. తప్పు కింద మా నాలుగు జీవాల్లో పొట్టేలు పోయింది. పోయినా ఫర్వాలేదు అన్నట్టుండె మారెన్న మొగం. ఆ సప్పట్లు ఇంకా చెవుల్లో ఉండె వానికి.

ఆడికి ఆగింటే బాగుండు. ఆగలే.

ఊర్లో మంచినీళ్ల బాయి లేక సస్తాంటిమి. కామేశం సారే అర్జీ రాసి, ఆఫీసుల ఎంబడి తిరిగి, బాయి మంజూరు చేయించినాడు. ఆయప్ప మంచోడే, ఇప్పటికీ అంటా. ఊరోళ్లకు ఆయప్పంటే దేవుడు. ఆయప్పతో వచ్చే సార్లు మళ్లీ ఆ కూత ఇనిపించమని మారెన్నను బతిమలాడేటోళ్లు. అప్పుడు రచ్చ కాడ కూర్చోని పెద్దోళ్లు ఒక మాట అనుకున్నారు. సార్లు వచ్చేది ఆదివారమే గదా, వాళ్ల సంతోషం మనమెందుకు కాదనాల, ఆదివారం పగటిపూట కూత కూత కాదు, ఎవురూ పరుగెత్తనక్కర్లేదు, తప్పూ కట్టనక్కర్లేదు అని.

ఉరుకుందప్ప మామ ఒక్కడే ఎగిరినాడు. "ఆదివారమని తెల్సుకొని వస్తాదేందిరా ఆపద?" అన్నాడు. ముసిలోడు అరుస్తాడులే అని నవ్వినారు. నన్ను అడిగినారు, "ఏమ్మా, నీ తమ్ముడే గదా, నువ్వేమంటావు?" అని. నేనేమన్నానో తెల్సునా? "ఉండనీండప్పా, వాడు సంతోషంగా ఉండాడు" అన్నా. నిజమే, సంతోషంగానే ఉండె. మూడేండ్లు ఆదివారం ఆదివారం ఈ గుట్టంతా వాని గొంతే. మేం కలుపు తీస్తా, కోత కోస్తా, ఇనీ ఇననట్టు ఉండేటోళ్లం.

యాభై ఆరు దీపావళికి ముందర మారెన్నకు ఒక కార్డు వచ్చింది. వాని పేరు మీద జాబు రావడం అదే మొదటిసారి. తపాలాయన వాకిట్లో నిలబడి, "కామేశం సారు రాసినాడు, సదివేదా?" అన్నాడు. మారెన్న కార్డు లాక్కున్నాడు. "స, స, సారే స, సదవాల" అన్నాడు. ఆదివారం వస్తాడు గదా, ఆయప్ప నోటితోనే ఇంటా అని వాని మాట. "ఒరేయ్, సదివించుకోరా, ఏముండాదో ఏమో" అంటే ఇనలే. కోటు జోబిలో పెట్టుకొని, పడుకునేటప్పుడు గూడా ఆ కోటు ఇప్పలే. నేనన్నా గట్టిగా పట్టుపట్టి సదివించినానా అంటే, లేదు. ఇంత మురిసిపోతాండాడు, మురవనీలే అనుకున్నా. నా బతుకంతా ఈ 'లే' అనే మాటతోనే కాలిపోయింది.

రాజధాని హైదరాబాదుకు పోతాదని ఊర్లో ఎవురో అంటాండ్రి. అనేటివి శానా ఉంటాయి. డేరాలు పీకేది మేం సూడలే గదా.

దీపావళి అయిపోయిన ఆదివారం. కార్తీకం వచ్చింది, సార్లంతా పెండ్లాం బిడ్డలతో వనభోజనానికి వస్తామని ముందరే చెప్పిండ్రి. మారెన్న తెల్లారకముందే లేసి, ఈ నీడ కింద ఊడ్చి, మూడు రాళ్లతో పొయ్యి పెట్టి, కడవతో నీళ్లు పెట్టొస్తానని పోయినాడు. నేను జీవమ్మ సేనికి శనక్కాయ పెరికేదానికి పోయినా. జీవమ్మ మా ఇంటి పక్కనామె, నన్ను వదినా అంటాది. ఆ సేను అదో, ఆ ఎర్రగా కనపడతాండాదే, అదే. ఈడికి ఎంత దూరం? మీరు పులిహోర తినే లోపల రావచ్చు.

పొద్దు నెత్తిమీదికి రాకముందే మొదటి కూత ఇనపడింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి.

"వదినా, మీ తమ్మునికి సార్లు ఇయ్యాల బూరెలు పెట్టినట్టుండారు, గొంతు లేస్తాంది" అనింది జీవమ్మ. అందురమూ నవ్వినాం. నేనూ నవ్వినా. మళ్లీ కూత. మళ్లీ. ఎప్పుడూ రెండు మూడు సార్లు పెట్టి ఆపేటోడు, ఆ పొద్దు ఆపలే. పక్క సేన్లో ఉరుకుందప్ప మామ లేచి నిలబడినాడు. చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకొని గుట్ట దిక్కు సూసినాడు.

"మహాదేవమ్మా, శానాసేపు పెడతాండాడే మారెన్న?"

నేను తలెత్తలే. చేతిలో శనక్కాయ చెట్టు దులుపుతా అన్నా, "ఆదివారం గదా మామా. తొలి కార్తీకమని సార్లు శానామంది వచ్చింటారు. అరవనీ, గొంతు పోతే వాడే దిగొస్తాడు."

ఆయప్ప ఇంకా కొంచెంసేపు నిలబడినాడు. మళ్లా కూర్చున్నాడు. నా మాట మీదనే కూర్చున్నాడు. ఆ ఊర్లో గుట్టకు పరుగెత్తేటోడుంటే ఆయప్ప ఒక్కడే, ఆయప్పను గూడా నేనే కూర్చోబెట్టినా.

మధ్యాన్నం సద్ది తినేటప్పుడు ఇనపడింది. పొద్దు వాలినాక ఇనపడింది. రానురాను సన్నబడింది. పొద్దు గూకే ముందర పొడుగు కూత ఒక్కటే వచ్చింది, దాని ఎనక పొట్టి కూతలు రాలే. అలిసిపోయినాడులే అనుకున్నా.

మాపటికి ఇంటికి రాలే. ఒకసారి సారు వాన్ని బస్సెక్కించుకొని డేరాకు తీసకపోయి, మర్నాడొచ్చి దింపిపోయిండె. అట్లనే పోయింటాడని రొట్టె మూతపెట్టి పడుకున్నా. నిద్ర గూడా పట్టింది నాకు. సూడండి, నిద్ర పట్టింది.

సోమారం పొద్దన్నే వచ్చినాం. నీడ కింద శుభ్రంగా ఊడ్చిండాది. పొయ్యిలో బూడిద లేదు. కడవలో నీళ్లు నిండుగా అట్లనే ఉండాయి, ఒక్క ముంత గూడా తగ్గలే. మనుషులు వచ్చిన జాడే లేదు.

అదో, ఆ సీతాఫలం చెట్టు కింద సందు ఉండాదే, ఆడ ఉండినాడు. కాయల కోసం ఎక్కినాడు, సార్లొచ్చే లోపల ఆయమ్మకు కోసి పెడదామని. గుండు కదిలి తొడ మీద పడింది. రెండు చేతులూ బండకు ఆనించి, మొగం కూతబండ దిక్కే పెట్టుకొని ఉండినాడు. కట్టు తప్పలే వాడు. ఊరి దిక్కు తిరగలే. పెట్టాల్సిన మాదిరే పెట్టినాడు, మేమే ఇనాల్సిన మాదిరి ఇనలే. పెదాలు ఎండి పగిలిపోయినాయి. ఇంత దూరంలోనే నిండు కడవ.

ఉరుకుందప్ప మామ ఒళ్లు తాకి సూసినాడు. "పొద్దు గూకే దాకా బతికే ఉండినాడు" అన్నాడు. ఆయప్ప నా దిక్కు సూడలే. సూసింటే బాగుండు. తిట్టింటే, కొట్టింటే ఇంకా బాగుండు.

కోటు జోబిలో కార్డు ఉండాది. బడి అయ్యవారు ఈడే నిలబడి సదివినాడు. "మారెన్నగారికి నమస్కారములు. మా కచేరీ హైదరాబాదుకు మార్చినారు. మేము పండుగకు ముందే సామానుతో పోవుచున్నాము. ఆదివారం మా కొరకు గుట్టకు రావద్దు, కాచుకొని కూర్చోవద్దు. మీ కూత మా చెవులలో ఉన్నది." అంతే రాసిండాది. కామేశం సారు తప్పేం లేదు. రావద్దనే రాసినాడు.

నేను నెర్రెలో పడిన పొద్దు, పైనుంచి "వస్తాండాం" అని ఎదురు కూత ఇనపడినప్పుడు నాకు పోయిన పానం తిరిగొచ్చింది. ఇంకేం కాదులే అనుకున్నా. ఆ ఒక్క కూత కోసం వాడు పొద్దంతా కాచుకోనుంటాడు. వాని కూతే బండకు తగిలి వానికి తిరిగొచ్చింటాది, మా కూత మాత్రం ఒక్కటి గూడా పోలే. సచ్చిపోయేది అందురూ సస్తారు. ఎవురూ రాలేదే అనుకుంటా సచ్చినాడు నా తమ్ముడు. నన్ను బతికించినోడు.

ఆ పొద్దే రచ్చ కాడ ఆదివారం మాట కొట్టేసినారు. ఏ దినమైనా కూత కూతే అన్నారు. గానీ మీ కర్నూలోళ్లు వచ్చేది మానలే, అరిచేది మానలే. ఊరోళ్లు మూడుసార్లు పరుగెత్తొచ్చినారు, నాలుగోసారి మానేసినారు. వాళ్లకూ పనులుండాయి, నేనేమంటా? ఉరుకుందప్ప మామ పోయిన ఎండాకాలం పోయినాడు. ఇంక నేనొక్కదాన్నే. పోయిన ఆదివారం నాలుగుసార్లు ఎక్కినా ఈ గుట్ట. నాలుగుసార్లూ నవ్వే మొగాలే. మహాదేవమ్మకు మతి పోయింది అంటారు ఊర్లో. అననీ.

నాకు తెల్సప్పా, మీరు ఆటకే అరుస్తారని తెల్సు. ఆట అని తెల్సుకున్నందుకే గదా నా కొంప మునిగింది. అందుకే ఎవురు అరిచినా వస్తా. తింటాన్నా వస్తా, జొరమొచ్చి పడుకున్నా వస్తా.

సరే, పొద్దు వాలుతాంది, మీ బస్సుకు టైమవుతాది. దిగేటప్పుడు ఆ సీతాఫలం చెట్టు పక్క పోవద్దండి, కుడిచేతి దావన దిగండి. కాలు జారి ఏమన్నా అయితే, ఈ బండకు మొగం పెట్టి అరవండి, నేను వస్తా. ఏమీ కాకపోతే మాత్రం గమ్మునుండండి. నీకే చెప్తాండా, కండ్లద్దాలాయనా. గమ్మునుండు నాయనా, నా మోకాళ్లు పట్టేసినాయి, నీకు దండం పెడతా.